తిండి, సేద్యం, వాతావరణ మార్పు: తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో లెక్కలు ఎక్కువగా కిలోల్లోనే ఇచ్చాం. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి వాయువులను ‘ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం’ అని మార్చి చూపాం. నూరేళ్ల లెక్కన కిలో మీథేన్ 27 కిలోలకు, కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోలకు సమానం. ‘ఇన్ని కిలోల వేడి’ అన్నచోటల్లా అర్థం ఇదే.

ఫ్యాక్టరీలు, లారీలు ఉండగా సేద్యం మీద పడతారెందుకు?

వాటిని ఎవరూ వదిలిపెట్టలేదు. 2020లో దేశం మొత్తం వదిలిన వాయువుల్లో ఇంధన రంగానిదే దాదాపు 76 శాతం. వ్యవసాయానిది 13.72 శాతం. అయితే అందులో పొలం, పశువుల నుంచి వచ్చేది మాత్రమే ఉంది. బోరు కరెంటు, యూరియా ఫ్యాక్టరీ, రవాణా, కోల్డ్ స్టోరేజీ, పొయ్యి, చెత్తకుప్ప వేరే ఖాతాల్లో పడతాయి. ఇవన్నీ కలిపి, అడవి కొట్టి పొలం చేయడం కూడా చేర్చి చూస్తే ప్రపంచం మొత్తం మీద తిండి వాటా మూడో వంతు దాకా వస్తుంది.

ఇంకో తేడా వాయువులది. మీథేన్ గాల్లో సుమారు 12 ఏళ్లే ఉంటుంది, కానీ ఉన్నన్నాళ్లూ గట్టిగా వేడి పట్టి ఉంచుతుంది. అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. మన రెండు జిల్లాల్లో మీథేన్ అంటే ముఖ్యంగా పాడి ఆవు, వరి కయ్య, కుళ్లే చెత్త.

ఆవు వల్ల భూమి వేడెక్కుతుందంటే నమ్మాలా?

నమ్మాలి, కానీ సగం తెలిసి కాదు. ఆవు పెద్ద పొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది వచ్చేది తోక వైపు నుంచి కాదు, దాదాపు అంతా నెమరు, త్రేన్పులతో నోటి నుంచే. తిన్న మేతలోని శక్తిలో 6 శాతం దాకా అలా గాలికి పోతుంది. రైతు లెక్కలో చెప్పాలంటే కొన్న దాణాలో కొంత త్రేన్పైపోతోంది.

ఒక పాడి ఆవు ఏడాదికి సుమారు 60 కిలోల మీథేన్ వదులుతుందనుకుందాం. అంటే 1,620 కిలోల వేడి. ఆ ఆవు రోజుకు 8 లీటర్ల చొప్పున 300 రోజులు ఇస్తే 2,400 లీటర్లు; లీటరుకు 0.7 కిలో కూడా రాదు. అదే ఆవు 3 లీటర్ల చొప్పున 200 రోజులే ఇస్తే లీటరుకు 2.7 కిలోలు. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ మేస్తుంది కాబట్టి మొత్తంగా కొంచెం ఎక్కువే వదులుతుంది, నిజమే. అయినా లీటరు లెక్క తారుమారు కాదు.

కాబట్టి చూడాల్సింది ఎన్ని ఆవులున్నాయని కాదు, ఎన్ని రోజులు ఒట్టిపోయి నిలబడ్డాయని. ఎద గమనించకపోవడం మన పాకల్లో అతిపెద్ద నష్టం. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు పొద్దున, పొద్దున కనిపిస్తే ఆ సాయంత్రమే చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఒక ఎద తప్పితే 21 రోజుల మేత, 21 రోజుల మీథేన్ ఊరికే పోయినట్టే. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపకపోతే ఎద సరిగా కట్టదు. చాలామంది పాలు తగ్గాక గుర్తు చేసుకుంటారు.

పుంగనూరు ఆవులు పెంచితే మేలా?

చిన్న ఒళ్లు, తక్కువ మేత, కాబట్టి తలకు తక్కువ మీథేన్. పాలూ తక్కువే, కాబట్టి లీటరు లెక్కలో పెద్ద గెలుపు లేదు. ఎండకు, కరువు మేతకు తట్టుకునే జాతిగా దాన్ని కాపాడుకోవాలి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో జరుగుతున్నది అదే. వాతావరణం పేరు చెప్పి లక్షలు పోసి కొనమని మేం చెప్పం.

వట్టి వరిగడ్డే మేత. దాన్ని మెరుగుచేసే దారి ఉందా?

ఉంది. యూరియాతో మాగబెట్టాలి. వరిగడ్డి గట్టిగా ఉండి ఎక్కువసేపు పొట్టలో నానుతుంది. మీథేన్ ఎక్కువ, పాలు తక్కువ. మాగిన గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియా పలుకు లేకుండా పూర్తిగా కరగాలి. నేల మీద టార్పాలిన్ పరిచి, గడ్డిని జానెడు మందాన వేసి, పూలమొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో ద్రావణం చల్లి, ఎక్కి బాగా తొక్కాలి. మళ్లీ ఒక వరస, మళ్లీ తొక్కుడు. పైన టార్పాలిన్ కప్పి అంచుల మీద తడిమట్టి మెత్తాలి. 21 రోజులు కదపకూడదు. తెరిచినప్పుడు ముక్కు అదిరే ఘాటు, గడ్డికి ముదురు గోధుమ రంగు ఉంటే కుదిరినట్టు. బూజు కనిపిస్తే గాలి చొరబడింది. ఆ భాగం తీసి పారేయాలి. ఏ పూటకాపూట తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి, మొదటి వారం మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయాలి.

ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన బకెట్టును ఆవు మూతికి అందే చోట ఒక్క నిమిషం కూడా వదలకూడదు. తాగితే ప్రాణం పోతుంది. (యూరియా తగ్గించమని కింద మేమే చెప్తున్నాం, ఇక్కడ వాడమంటున్నాం. 4 కిలోలకు వచ్చే లాభం పెద్దది.)

పేడను దిబ్బ వేస్తే తప్పేముంది?

పొడిగా, గాలి ఆడేలా ఉండే దిబ్బతో పెద్ద తప్పు లేదు. పాక కడిగిన నీళ్లు చేరి, వానలో నాని గుంతలో ఊరే దిబ్బే మీథేన్ వదులుతుంది, నత్రజనీ పోతుంది. నాలుగైదు ఆవులుంటే గోబర్ గ్యాస్ మేలు.

రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. ఒక ఆవుకు సగటున 10 కిలోలు వేసుకోండి. పాకలో కట్టేసి ఉంటేనే అది చేతికి వస్తుంది. మేతకు తిప్పే ఆవుల్ని లెక్కలో సగమే పట్టండి. ఇక్కడే చాలా ప్లాంట్లు మూలపడతాయి: నాలుగు ఆవులున్నప్పుడు కట్టి, రెండు అమ్మేశాక గ్యాస్ రావడం లేదంటారు. మొదటిసారి నింపడానికి 2 టన్నుల పేడ కావాలి, ముందే కూడబెట్టాలి. రెండు మూడు వారాలకు వచ్చే తొలి గ్యాస్ మండదు, దాన్ని వదిలేయాలి.

ఘనపు మీటరు గ్యాస్ సుమారు 0.43 కిలో వంటగ్యాస్‌కు సమానం. 2 ఘనపు మీటర్ల ప్లాంటు నిండుగా నడిస్తే నెలకు ఒకటీ ముప్పావు సిలిండరు దాకా మిగులుతుంది.

చెడిపోయే తీరులు: పాకను ఫినాయిలుతో కడిగిన నీళ్లు లోపలికి పోతే సూక్ష్మజీవులు చస్తాయి. గడ్డిపరకలు పోతే పైన మందంగా తెట్టు కడుతుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీళ్లు నిలిచాయి, పల్లపు చోట ఉన్న కొళాయి తిప్పి వదలాలి. మంట పసుపుగా ఉంటే బర్నరు గాలి రంధ్రం సరిచేయాలి. నెలకోసారి జాయింట్ల మీద సబ్బునురగ రాసి బుడగలు చూడండి. కారే ప్లాంటు, లేదా వాడకం లేక గ్యాస్ పొంగిపోయే ప్లాంటు ఉన్నదానికంటే మామూలు దిబ్బే నయం, ఎందుకంటే మీరు మీథేన్‌ను పనిగట్టుకుని తయారుచేసి గాలికి వదులుతున్నారు.

వరి మాటేమిటి? నీళ్లు లేకుండా వరి పండదు కదా.

వరి నీటిమొక్క కాదు, నీటిని తట్టుకునే మొక్క. నీళ్లు నిలబెట్టేది ఎక్కువగా కలుపు కోసం. నిలవ నీటి కింద మట్టిలో గాలి అయిపోయాక మీథేన్ చేసే జీవులు పెరుగుతాయి. కయ్యలో అడుగేస్తే బుడగలొస్తాయే, అదే. మొక్క కాండం లోపలి గాలి గొట్టాల గుండా ఇంకా ఎక్కువ బయటికొస్తుంది. ఎడతెగకుండా నీళ్లు కట్టిన ఎకరా ఒక పంటకు సుమారు 40 నుంచి 65 కిలోల మీథేన్ వదులుతుంది. మధ్యమధ్య ఆరబెడితే (దీన్నే ఆరుతడి అంటాం) అది దాదాపు సగానికి తగ్గుతుంది. నీళ్లు పావు వంతు దాకా మిగులుతాయి. సరిగా చేస్తే దిగుబడి తగ్గదు.

చేసే పద్ధతి ఇది. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకోండి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ రెండు సెంటీమీటర్లకొక చిన్న బెజ్జం చొప్పున వేయండి. నాటిన రెండు వారాలకు, గట్టుకు మూడు నాలుగు అడుగుల లోపలగా, కయ్యలో ఎత్తూ పల్లమూ కాని సగటు చోట, బెజ్జాలున్న భాగం మట్టిలోకి దిగేలా పాతాలి. లోపలి మట్టిని అడుగుదాకా చేత్తో తోడేయాలి. ఇప్పుడు పైపులో నీళ్లు, బయట కయ్యలో నీళ్లు ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే బెజ్జాలు మూసుకున్నాయి, పీకి మళ్లీ పెట్టండి.

తర్వాత నీళ్లు కట్టడం ఆపి చూడండి. మూడో నాలుగో రోజుకు పైన నీళ్లు ఉండవు, మట్టి మెరుస్తుంటుంది. ఇంకో రెండు రోజులకు సన్నగా నెర్రెలు వస్తాయి, చూసినవాళ్లు ‘పైరు ఎండగట్టావే’ అంటారు. పైపులోకి పుల్ల దించి చూడండి. నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కింద ఇంకా నీళ్లు తగులుతుంటే వేళ్లకు కొదవ లేదు. అంతకు దిగిందంటే మళ్లీ 5 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు కట్టాలి. పూత దశకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది.

ఆరబెట్టి చూశాం, కలుపు పెరిగింది, పంట దెబ్బతింది. ఎందుకు?

మూడు కారణాలు ఎక్కువ. మొదటి రెండు వారాలు నీళ్లు నిలపకుండానే మొదలుపెట్టి ఉంటారు. లేదా కయ్య చదునుగా లేదు: పైపు పల్లంలో ఉంటే మెరక ఎండిపోతుంది, మీకు తెలియదు. లేదా యూరియాను నిలవ నీళ్లలో చల్లి తర్వాత ఆరబెట్టారు. అలా చేస్తే నత్రజని గాలికి పోతుంది, అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా. ఆరిన మట్టి మీద యూరియా చల్లి, వెంటనే నీళ్లు కట్టాలి.

బోరు రైతులకు ఇంకో అడ్డు ఆటో స్టార్టరు. కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు దానంతటదే తిరిగి కయ్య నింపేస్తుంది. దాన్ని తీసేయకుండా ఎన్ని పైపులు పాతినా దండగ. ఇసుకనేలల్లో నీళ్లు ఎలాగూ నిలవవు, అక్కడ ఈ తిప్పలు అక్కర్లేదు. చెరువు కింద చివరి మడుల వాళ్లకు మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో నమ్మకం లేకపోతే, ఆరబెట్టమని మేం చెప్పం.

పచ్చిరొట్ట, పశువుల ఎరువు వేస్తే మంచిదే కదా?

నేలకు మంచిదే. కానీ పచ్చి పేడ, వరి కొయ్యలు, జనుము కలియదున్ని వెంటనే నీళ్లు పెట్టి ఎడతెగక నిలబెడితే మీథేన్ జీవులకు విందు భోజనం పెట్టినట్టు. బాగా చివికిన ఎరువు వేయండి. కొయ్యలైతే నెల ముందే పొడిదుక్కిలో కలిపేయండి. పచ్చిరొట్ట వేసిన కయ్యకు మాత్రం ఆరుతడి తప్పనిసరి అనుకోండి.

ఒక బస్తా యూరియా ఎంత వేడి?

45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. పొలంలో వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందని అంతర్జాతీయ లెక్క. అది 325 గ్రాములు, 273తో గుణిస్తే 89 కిలోలు. యూరియాలో దాగిన కార్బన్ నుంచి ఇంకో 33 కిలోలు. ఫ్యాక్టరీ ఖర్చు కలపకుండానే బస్తాకు 120 కిలోలు దాటింది. నైట్రస్ ఆక్సైడ్ గాల్లో వందేళ్లకు పైగా ఉంటుంది.

తగ్గించడానికి చవకైన సాధనం ఆకు రంగు పట్టిక, అంటే లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగులకు నంబర్లు వేసిన పట్టీ. నాటిన రెండు వారాల నుంచి పూత దాకా, వారం పది రోజులకోసారి, పది దుబ్బుల్లో పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకును పట్టిక మీద పెట్టి చూడాలి. మీ ఒంటి నీడ ఆకు మీద పడేలా నిలబడాలి, ఎండలో రంగు మోసం చేస్తుంది. ప్రతిసారీ ఒకే వేళకు చూడాలి. పదిలో ఆరు ఆకులు 4వ నంబరు కంటే పాలిపోయి ఉంటేనే ఎకరాకు అర బస్తా. తెల్ల పొన్ని లాంటి రకాలకు 3వ నంబరు సరిపోతుంది. ఆకు ముదురు పచ్చగా ఉంటే పక్క కయ్యవాడు వేశాడని వేయొద్దు. వేస్తే దోమపోటు, అగ్గితెగులు పిలిచి తెచ్చుకున్నట్టే.

సెనక్కాయలకు యూరియా ఎంత?

వర్షాధారంలో ఎకరాకు నత్రజని 8 కిలోలు చాలు, అదీ విత్తేటప్పుడే. తర్వాత వేళ్ల బుడిపెలే గాలి నుంచి తెచ్చుకుంటాయి. విత్తనానికి రైజోబియం (ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి) పట్టించడం, పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేయడం మరవకండి. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి రకాలు వేసే పొలంలో కూడా యూరియా దండిగా చల్లేవాళ్లున్నారు. ఆకు పెరుగుతుంది, కాయ కాదు.

జీవామృతంతో భూతాపం తగ్గుతుందా?

జీవామృతం వల్ల నేరుగా తగ్గదు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టుమట్టి. ఇందులో ఎకరాకు సరిపడే నత్రజని లేదు. తగ్గేది, దాంతోపాటు యూరియా మానేయడం వల్ల. అయితే ఉన్నపళంగా మానేస్తే దిగుబడి పడిపోతుంది. అదే ధాన్యానికి ఇంకో ఎకరా నీళ్లు కట్టాల్సి వస్తే లాభం హరించుకుపోతుంది. రెండు మూడేళ్లలో మెల్లగా, పప్పుజాతి పంటలు కలుపుతూ మారాలి.

ఆంధ్ర ప్రకృతి సేద్యంలో మాకు గట్టిగా నచ్చింది ఎండాకాలపు నవధాన్య విత్తు. ఏప్రిల్, మే నెలల్లో జొన్న, సజ్జ, అలసంద, పిల్లిపెసర, నువ్వు వంటివి మట్టి, పేడతో ఉండకట్టి పొడిదుక్కిలో చల్లి పైన ఆకుచెత్త కప్పుతారు. తొలి చినుక్కే మొలుస్తాయి. నేల ఖాళీగా ఎండకు మాడదు, మట్టి కొట్టుకుపోదు. కప్పు వేయకపోతే చీమలూ పిట్టలూ తినేసి ఏమీ మిగలదు.

కరెంటు ఉచితం కదా, మోటరు నడిస్తే ఏం?

ఉచితం మీకే, బొగ్గుకు కాదు. 5 హెచ్‌పీ మోటరు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తింటుంది. తొమ్మిది గంటలు నడిస్తే 40 యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలో వేసుకుంటే రోజుకు 28 కిలోల వేడి. కుప్పం, వి.కోట వైపు వెయ్యడుగుల బోర్లకు ఇంకా పెద్ద మోటర్లు. టమాటాకు, మామిడికి డ్రిప్ పెట్టుకున్నవాళ్లు కూడా ఫిల్టరు కడగకపోతే సగం డ్రిప్పర్లు మూసుకుపోయి మోటరు రెట్టింపు సేపు నడుస్తుంది. ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా అర కిలో దాటితే కడగాల్సిందే.

దగ్గర్లో పండినవే తింటే చాలా?

మంచి అలవాటే, కానీ దూరం చిన్న విషయం. మదనపల్లె నుంచి తిరుపతికి లారీలో వచ్చే కిలో టమాటాకు దారిఖర్చు 10, 15 గ్రాముల వేడి. అదే కిలోను కుళ్లబెట్టి పారేస్తే దాని మీద పెట్టిన ఎరువు, కరెంటు అంతా పోయినట్టు.

ఏం తింటున్నామన్నదే పెద్దది. ప్రపంచ సగటున కిలోకు గొర్రె మాంసం 40 కిలోల దాకా, కోడి 10, గుడ్లు 5కు దగ్గర, బియ్యం 4 నుంచి 5, పప్పులు ఒకటి రెండు. గుట్టల మీద మేసే మన మేకకు ఈ అంకె అచ్చంగా సరిపోదు, వరస మాత్రం మారదు.

రాగి మెట్టపంట, నిలవ నీరు లేదు, మీథేన్ లేదు. సంగటిలో నూకలు తగ్గించి పిండి పెంచితే తేడా నిజంగానే ఉంటుంది. నెయ్యి సంగతి ఎవరూ అడగరు. 4 శాతం వెన్న ఉన్న ఆవుపాలు సుమారు 25 లీటర్లు కలిస్తే కిలో నెయ్యి. మిగిలిన పాలు వేరే వాడకానికి పోతాయి కాబట్టి భారమంతా నెయ్యి నెత్తినే వేయలేం, అయినా దోసె మీద పోసేటప్పుడు గుర్తుంచుకోదగ్గ లెక్క.

వంట వైపు తిరుమలలో సౌరశక్తి వాడారంటారు, నిజమేనా?

నిజమే. 2002 ప్రాంతంలో 106 అద్దాల పళ్లేలతో ఎండను పట్టి ఆవిరి పుట్టించి, 15,000 మందికి వండేలా ఏర్పాటు చేశారు. ఇంటికి అంత అక్కర్లేదు. పప్పు, సెనగలు నానబెట్టి కుక్కర్లో వండండి, 14.2 కిలోల సిలిండరు మండితే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్.

కల్యాణ మండపాల ఎంగిలి, మామిడి గుజ్జు వ్యర్థం ఏం చేయాలి?

2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల తిండి పారేసిందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో 60 శాతం ఇళ్లలోనే. అరిటాకు, అన్నం, సాంబారు కలిసిన ముద్ద గాలాడక వెంటనే కంపు కొడుతుంది. ఆ కంపు వచ్చే కుప్పలో మీథేనూ పుడుతోందనుకోండి. కంపోస్టుకైతే ఒక బుట్ట తడికి రెండు బుట్టల ఎండాకు, అన్నం ఉండలు చిదిమి, మూడడుగుల ఎత్తుకు తగ్గకుండా కుప్ప వేసి, వారానికోసారి తిరగేయాలి. పిడికిట పిండితే తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. మూడో రోజుకు చేయి పెట్టలేనంత వేడెక్కకపోతే ఎండాకు ఎక్కువైనట్టు, లేదా కుప్ప చిన్నదైనట్టు.

తోతాపురి సీజనులో గుజ్జు తీశాక పండు బరువులో సగానికి దగ్గరగా తొక్క, టెంక మిగులుతుంది. తొక్కను గోబర్ గ్యాస్‌కు వాడొచ్చు, కానీ పులుపు. ఒక్కసారిగా దట్టిస్తే ప్లాంటు పుల్లబడి గ్యాస్ ఆగిపోతుంది. పేడలో పదో వంతుతో మొదలుపెట్టి రెండు వారాలు చూసి పెంచండి. టెంక పలగ్గొట్టకుండా వేయొద్దు, అడుగున చేరి గొట్టం పూడుస్తుంది.

కార్బన్ క్రెడిట్ల డబ్బు ఇస్తామని ఊళ్లోకి వస్తున్నారు. సంతకం పెట్టొచ్చా?

ఒక క్రెడిట్ అంటే గాలికి చేరకుండా ఆపి అమ్ముకునే ఒక టన్ను (వెయ్యి కిలోల) వేడి. వరి ఆరుతడితో ఎకరాకు ఒక పంటకు అర టన్ను నుంచి ముప్పావు టన్ను దాకా మిగులుతుంది. అంటే రెండెకరాల రైతుకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర క్రెడిట్. అందులోంచి కొలత, తనిఖీ ఖర్చులు పోతాయి. ఎకరాకు వేలకు వేలు వస్తాయని చెప్పేవాడిని ఈ లెక్క వేసి చూపమనండి.

కాగితం తెలుగులో ఉందా, ఎన్నేళ్లకు కట్టుబడాలి, మధ్యలో వరి మానేసి మామిడి పెడితే జరిమానా ఉందా, డబ్బు ఏ నెలలో ఏ ఖాతాకు పడుతుంది అని అడగండి. పట్టాదారు పాసుపుస్తకం అసలు ఇవ్వొద్దు, నకలు చాలు. కౌలుకు చేస్తుంటే సొమ్ము భూమి యజమానికా, పైపు పాతి నీళ్లు చూసుకున్న మీకా అన్నది ముందే రాయించుకోండి.